రాత్రి 10 తర్వాత బళ్ళారిలో ఏముంది? మన హాలు సంగతి



పోస్టు కొంచెం పొడుగే. వాట్సాప్ గ్రూపులో వేస్తే పైకి జరిగిపోతుందని ఇక్కడ రాస్తున్నా. తీరిగ్గా కూచోని చదవండి. నచ్చకపోతే కిందనే రాయండి, జవాబు చెప్తా.

వచ్చే సర్వసభ్య సమావేశంలో మన హాలు గురించి రెండు అర్జీలు వస్తాయి. ఒకటి మన పిల్లలది. నెలకు ఒక శనివారం రాత్రి హాలు ఇవ్వండి, పాటలు, నాటికలు, కథలు పెట్టుకుంటాం, బయట వరండాలో సొంతంగా వస్తువులు తయారుచేసే వాళ్ళకు బల్లలు వేస్తాం అని అడిగినారు. రెండోది, హాలును ఏడాది మొత్తానికి ఒక కాంట్రాక్టరుకు అద్దెకిచ్చేసి మనం నిశ్చింతగా ఉందాం అనే ప్రతిపాదన. చానా మంది పెద్దలు రెండోదానికి మొగ్గుతున్నారని విన్నా. నా ఓటు పిల్లలకు. కారణాలు ఒక్కొక్కటే చెప్తా.

ముందు ఈ ఊరి రాత్రిని చూద్దాం. రాయల్ సర్కిల్‌లో రాత్రి 10కి నిలబడి చుట్టూ చూడండి. తెరిచి ఉండేవి ఏవి? బార్లు, రెస్టారెంట్లు, మందుల షాపులు, రెండు మూడు టీ బండ్లు. పెళ్ళిళ్ళ కాలమైతే కల్యాణ మండపాల ముందర డీజే. సినిమా ఉంది, కానీ సినిమా చూసి బయటికి వచ్చినాక మనిషితో మనిషి మాట్లాడుకునే చోటు లేదు. తాగేవాడికి ఒక రాత్రి ఉంది. డబ్బున్నవాడికి హోటలు రాత్రి ఉంది. తాగనివాడికి, జేబులో 100 రూపాయలు ఉన్నవాడికి, ఆడపిల్లకు, రిటైరైన నాలాంటి వాడికి ఇల్లు, టీవీ, ఫోను అంతే.

రాత్రి మేలుకొని ఉండేవాళ్ళు తక్కువా అంటే తక్కువ కాదు. రైల్వేలో పనిచేసిన వాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు. ఊరు నిద్రపోయిందని మనం అనుకునే వేళలో సగం ఊరు నడుస్తానే ఉంటుంది. తోరణగల్లు ఫ్యాక్టరీల్లో షిఫ్టు దిగి వచ్చే పిల్లలు, ఆసుపత్రుల్లో నర్సులు, జీన్స్ యూనిట్లలో కుట్టేవాళ్ళు, స్టేషన్ బయట ఆటోవాళ్ళు, హాస్టళ్ళలో చదువుకొనే పిల్లలు. వీళ్ళకు పని అయిపోయినాక ఒక గంటన్నర మనసు తేలిక చేసుకొనే చోటు కావాల. అది లేకనే మన పిల్లలు ‘బెంగళూరులో అయితే’ అని మొదలుపెడతారు. మూడు వందల కిలోమీటర్ల దూరంలో ఉండే ఊరు వాళ్ళకు మనూరికంటే దగ్గరైపోయింది.

పిల్లలు అర్జీలో ‘ఆల్టర్నేటివ్’ అనే మాట వాడినారు. ఆ మాట చదివి కొందరు పెద్దలు భయపడినారు. పబ్బు అనుకున్నారు, ఇంకేమేమో అనుకున్నారు. నేను వాళ్ళను పిలిచి అడిగినా. వాళ్ళు చెప్పింది ఇది: సినిమా పాటలు కాకుండా తామే రాసి కట్టుకున్న పాటలు పాడాల, పెద్ద కంపెనీ సరుకు కాకుండా చేసినవాడే నిలబడి అమ్మే సరుకు ఉండాల, బారు కాని చోట రాత్రి కలుసుకోవాల. నాకు అందులో భయపడేది ఏమీ కనిపించలేదు. ఇంకా చెప్పాలంటే మన తాతలు ఈ ఊళ్ళో చేసింది అచ్చంగా ఇదే.

1880ల సంగతి తీసుకోండి. అప్పుడు ఊరూరూ తిరిగే నాటక కంపెనీలు ఉండేవి. పార్సీ కంపెనీలు, ధార్వాడ కంపెనీలు. డేరా వేసి, టికెట్టు పెట్టి, ఆడి పోతారు. ఆ కాలానికి అదే పెద్ద వ్యాపార వినోదం. బళ్ళారిలో ఒక వకీలు, ధర్మవరం రామకృష్ణమాచార్యులు, మనమే ఎందుకు రాసి ఆడకూడదు అనుకున్నాడు. 1887లో ‘చిత్రనళీయం’ ఇక్కడ ఆడినారు. సరస వినోదిని సభ ఈ ఊళ్ళో పుట్టింది. పగలు కోర్టులో, ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు రాత్రి వేషం కట్టినారు. ఆంధ్ర నాటక పితామహుడని ఆయన్ను తెలుగు దేశమంతా పిలుస్తుంది. ఇంకొక వకీలు కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభతో పోటీకి దిగినాడు. ఒకే ఊళ్ళో రెండు సభలు, ఇద్దరు వకీళ్ళు, ఇద్దరూ నాటకకర్తలు. మద్రాసు, హైదరాబాదు వైపు చూడకుండా బళ్ళారివాళ్ళు బళ్ళారి కోసం చేసుకున్న రాత్రులు అవి.

నేను చదివింది తమిళ మీడియంలో. మా స్కూలు కాలంలో తమిళ నాటకం అంటే మొదట వినిపించే పేరు పమ్మల్ సంబంధ ముదలియార్. తొంభైకి పైగా నాటకాలు రాసినాడు, తర్వాత సినిమాగా పేరు తెచ్చుకున్న ‘మనోహర’ కూడా ఆయనదే. 1891లో మద్రాసులో సుగుణ విలాస సభ పెట్టి చదువుకున్నవాళ్ళను, ఉద్యోగస్తులను తమిళ రంగస్థలం మీదికి తెచ్చినాడు. ఆయనకు ఆ ఊపు ఎక్కడ వచ్చిందో తెలుసా? ఆ ఏడాదే బళ్ళారి సరస వినోదిని సభ మద్రాసు పోయి తెలుగు నాటకాలు ఆడింది. చదువుకున్న పెద్దమనుషులు సిగ్గుపడకుండా వేషం కట్టడం చూసి ఆ 18 ఏళ్ళ పిల్లవాడు, మనమూ తమిళంలో ఇట్లా ఎందుకు చెయ్యకూడదు అనుకున్నాడు. తన నాటకరంగ జ్ఞాపకాల్లో ఆయనే ఈ విషయం రాసుకున్నాడు. తమిళనాడులో ఈ సంగతి తెలిసినవాళ్ళు ఉన్నారు. బళ్ళారిలో మన పిల్లల్ని అడగండి, ఎంతమందికి తెలుసో.

తర్వాత బళ్ళారి రాఘవ. తాడిపత్రిలో 1880లో పుట్టినాడు, ధర్మవరం వారికి మేనల్లుడు, ఆయనా వకీలే. 1928లో ఇంగ్లండు పోయి బెర్నార్డ్ షాను కలిసి వచ్చినాడు. ఇవన్నీ ఉపన్యాసాల్లో మనం ప్రతి ఏడాదీ చెప్పుకొంటాం. మనం చెప్పుకోనిది ఒకటుంది. ఆడవేషాలు ఆడవాళ్ళే వెయ్యాల అని ఆయన పట్టుబట్టినాడు. చదువుకున్న కుటుంబాల ఆడవాళ్ళను స్టేజి ఎక్కించినాడు. కొమ్మూరి పద్మావతీదేవి ఆయనతో కలిసి ఆడినారు. ఆ రోజుల్లో ఊరు ఎన్ని మాటలు అని ఉంటుందో మీరే ఊహించండి. ఈ రోజు ‘ఆడపిల్లలు రాత్రి 9కి హాల్లో పాట పాడితే ఏమనుకుంటారు’ అని అడిగే మనం, రాఘవ ఫోటోకు దండ మాత్రం మర్చిపోకుండా వేస్తాం.

స్టేజి నాటకం ఒక్కటే కాదు. మన చుట్టుపక్కల పల్లెల్లో కన్నడంలో బయలాట, తెలుగులో వీధి నాటకం రాత్రి మొదలైతే తెల్లారేదాకా జరిగేవి. సండూరు తాలూకా దరోజి నుంచి ఈరమ్మ గారు బుర్రకథ చెప్పేవారు. బుడగ జంగాల ఇంట పుట్టినామె, ఒక్క అక్షరం చదవలేదు. కుమారరాముని కథ మొదలుపెడితే రాత్రుళ్ళకు రాత్రుళ్ళు నడిచేది. హంపి కన్నడ విశ్వవిద్యాలయం ఆమెకు నాడోజ ఇచ్చింది. 2014లో పోయినారు. తోలుబొమ్మల్లో స్వాతంత్ర్య పోరాటాన్ని ఆడించిన బెళగల్లు వీరణ్ణ 2023లో పోయినారు. తెలుగు, కన్నడ రెండు రంగస్థలాలకూ కావలసిన సుభద్రమ్మ మన్సూర్ 2020లో పోయినారు. ముగ్గురూ మన జిల్లా మనుషులే. వాళ్ళు పోయిన రోజు మనం గ్రూపులో దండం బొమ్మలు పెట్టినాం. వాళ్ళు బతికి ఉండగా మన హాల్లో ఒక్క రాత్రి కూచోబెట్టి విన్నామా? హాలు పుస్తకం తిరగేస్తే పెళ్ళిళ్ళు, నామకరణాలు, షష్టిపూర్తులు, వార్షికోత్సవాలు కనిపిస్తాయి, అంతే.

రాత్రి కళలు తగ్గిపోయినాయి అంటే అందరూ టీవీని, ఫోన్‌ను తిడతారు. అది సగమే నిజం. చోటు పోవడం ఇంకొక కారణం. రైల్వే మిత్రులకు ఇది చెప్పనక్కరలేదు. గుంతకల్లు లాంటి జంక్షన్లలో రైల్వే ఇన్‌స్టిట్యూట్ అని ఒకటి ఉండేది. లైబ్రరీ, క్యారమ్ బోర్డు, చెక్కనేల హాలు, చిన్న స్టేజి. ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఉన్న కాలంలో అక్కడ గిటారు, పియానో, డ్యాన్సులు. మరుసటి వారం అదే స్టేజి మీద తెలుగు పద్యనాటకం, ఇంకొక రోజు తమిళ కచేరి, ఇంకొక రోజు ఈద్ ఖవ్వాలీ. సభ్యుల చందాతో నడిచేది. గార్డు, ఫిట్టరు, క్లర్కు పక్కపక్కన కూచునేవాళ్ళు. దాన్ని ఎవరూ సంస్కృతి సేవ అనలేదు. డ్యూటీ దిగినవాళ్ళు పోయి కూచునే చోటు అది. కప్పు, స్టేజి, ఖాయమైన రోజు, తాళం తీసే మనిషి ఉండినందుకే నడిచింది. ఈ నాలుగూ మన సంఘం దగ్గర ఈ రోజుకూ ఉన్నాయి.

ఇంక అమ్మకాల సంగతి. వరండాలో బల్లలు అంటే ‘సంఘాన్ని సంత చేస్తారా’ అని ఒక పెద్దాయన అన్నారు. సార్, చేసినవాడే ఎదురుగా నిలబడి అమ్ముకుంటే తప్పేముంది? బళ్ళారి జీన్స్ దేశమంతా పోతుంది. కౌల్ బజార్ వైపు చిన్న చిన్న యూనిట్లలో కుట్టేవాళ్ళు ఎంత మందో మనకు తెలుసు. ఒకడు కట్టింగు, ఒకడు కుట్టు, ఒకడు వాషింగు, చివరికి ఎవరిదో పేరు మీద లేబులు. కుట్టిన చేతికి, తొడిగే మనిషికి మధ్య ఎంత మంది ఉంటారో లెక్క లేదు. మన సభ్యుల పిల్లల్లోనే ఒకడు జీన్స్ ముక్కలతో సంచులు కుట్టి అమ్ముతున్నాడు, ఫోనులో ఫోటోలు పెట్టి. ఊళ్ళో వాడికి ఒక బల్ల లేదు. మెయిన్ రోడ్డులో షాపు అడ్వాన్సు కట్టే తాహతు వాడికి ఎప్పుడు రావాల?

సండూరు లంబాణీ కుట్టుపనికి జీఐ గుర్తింపు ఉంది. మొళకాల్మూరు పట్టుచీరకు ఉంది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలు ఉన్నాయి. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆట ఆడించేవాళ్ళు లేక ఆ కుటుంబాలు అదే తోలుతో ల్యాంపు షేడ్లు చేసి బతుకుతున్నాయి. ఇవన్నీ మనకు గట్టిగా రెండు మూడు గంటల దూరం. వీటిని మనం ఎక్కడ కొంటాం? బెంగళూరు ఎగ్జిబిషన్లో, మూడింతల ధరకు. ఒక తెలుగు పుస్తకం కావాలంటే అనంతపురమో హైదరాబాదో పోయేవాళ్ళ చేత చెప్పి తెప్పించుకొంటాం. ఇంటింటా అటక మీద పాత నవలలు, వారపత్రికల బైండింగులు చెదలు పడుతున్నాయి. అవి తెచ్చి ఒక బల్ల మీద పెట్టినా చాలు, నేను మొదటి గిరాకీ.

2021లో కర్ణాటక ప్రభుత్వం 10 మంది, అంతకు పైన పనివాళ్ళు ఉన్న షాపులు రోజంతా తెరుచుకోవచ్చని ఆర్డరు ఇచ్చింది. మంచిదే. కానీ 10 మందిని పెట్టుకోగలిగినవాడు పెద్ద షాపువాడు. తల్లీ కూతురూ కలిసి కుట్టే ఇంటికి ఆ ఆర్డరుతో పనిలేదు. వాళ్ళకు నెలకు ఒక రాత్రి, ఒక బల్ల, ఒక బల్బు ఇవ్వగలిగింది సంఘమే.

ఇప్పుడు అభ్యంతరాలకు వస్తా. విన్నవి ఐదు.

ఒకటి, చట్టం. ‘రాత్రి 10 తర్వాత మైకు పెడితే పోలీసులు వస్తారు’ అంటున్నారు. ఉద్యోగమంతా నిబంధనల పుస్తకాలు తిరగేసినవాణ్ణి, ఇదీ తిరగేసినా. 2000 నాటి ధ్వని కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 వరకు. ఆ వేళలో లౌడ్‌స్పీకర్ వాడకూడదు. కానీ అదే నిబంధనలో మినహాయింపు ఉంది: మూసిన గదుల్లో, లోపలివాళ్ళకు వినిపించేందుకు వాడుకోవచ్చు. ఉదాహరణలుగా ఆడిటోరియం, కాన్ఫరెన్సు గది, కమ్యూనిటీ హాలు, విందు హాలు అని పేర్లతో రాసినారు. కమ్యూనిటీ హాలు అంటే మనదే. బయటికి శబ్దం ఎంత పోవచ్చో కూడా లెక్క ఉంది. ఇళ్ళ మధ్య పగలు 55 డెసిబెల్సు, రాత్రి 45. సొంత స్థలంలో సౌండ్ పెట్టేవాడి ప్రహరీ దగ్గర ఆ లెక్కకు 5 కంటే ఎక్కువ దాటకూడదు. కాబట్టి మనం చెయ్యాల్సింది కిటికీలకు మందం పరదాలు, తలుపులకు రబ్బరు, మైకు తక్కువ. డ్రమ్ములు 9.30కే ఆపెయ్యాల. బయట వరండాలో మైకే వద్దు. ఇంకొక మాట. హాలును ఏడాది అద్దెకు తీసుకొనే కాంట్రాక్టరు పెట్టే డీజే ఈ లెక్కల్లో ఉంటుందా? శబ్దం మీద భయం ఉన్నవాళ్ళు ముందు ఆ అర్జీకి భయపడాల.

పక్కింటివాళ్ళ నిద్ర సంగతి నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. ఇంగ్లండులో 2018లో ప్లానింగు నిబంధనల్లో ఒక పద్ధతి పెట్టినారు. పాత సంగీతశాల పక్కన కొత్తగా ఇళ్ళు కట్టేవాడు వస్తే, శబ్దం రాకుండా ఏర్పాటు చేసే ఖర్చు ఆ కొత్తవాడిదే. అంటే ఎవరు కొత్తగా మార్పు తెస్తారో బాధ్యత వాళ్ళది. మన వీధిలో రాత్రి పాట కొత్త. తెచ్చేది మనం. కాబట్టి పరదాల ఖర్చు మనదే, పక్క నాలుగిళ్ళకు పోయి ముందుగా చెప్పి వచ్చే పనీ మనదే. ఆ పని నేను చేస్తా.

రెండు, తాగుడు. దీనికి సమాధానం ఒక్క వాక్యం: హాల్లో, వరండాలో, పార్కింగులో మద్యం లేదు, తాగి వచ్చినవాడికి ప్రవేశం లేదు. ఇట్లా నడుస్తుందా అంటే నడుస్తుంది. హైదరాబాదు బంజారాహిల్స్‌లో ‘లామకాన్’ అని ఒక చోటు 2010 నుంచి నడుస్తోంది. ఒక కుటుంబం తమ పాత ఇంటిని ఇచ్చింది. నాటకం, సంగీతం, ఉపన్యాసం, సినిమా, అన్నీ అక్కడే. మందు ఉండదు. టీ, సమోసా తక్కువ ధరకు ఉంటాయి. చుట్టూ పబ్బులు ఉన్న బంజారాహిల్స్‌లోనే పిల్లలు టీ కోసం, మాటల కోసం అక్కడికి పోతారు. మనకు సమోసా ఎందుకు, ఒగ్గరణె మిరపకాయ బజ్జీ ఉంది. మన వీధి బజ్జీ అమ్మను ఆ రాత్రి వరండాలోకి పిలుద్దాం.

మూడు, ఆడపిల్లల భద్రత. ఇది నిజమైన ప్రశ్న. నేనూ మనవరాలు ఉన్నవాణ్ణి. ఆడపిల్లకు రాత్రి భయం ఎక్కడ ఎక్కువ? మనుషులు లేని రోడ్డు మీద. పెద్దలు, పిల్లలు, అక్కలు, అత్తలు కూచున్న వెలుతురు హాల్లో కాదు. కార్యక్రమం కచ్చితంగా 10.30కి ముగియాల. బయట లైట్లు 11.15 దాకా ఆరకూడదు. తెలిసిన ఆటోవాళ్ళు ఐదారుగురిని ముందే మాట్లాడుకోవాల. మహిళా విభాగం నుంచి ఇద్దరు గేటు దగ్గర ఉండాల, హాలు తాళం చెవి వాళ్ళ దగ్గరే ఉండాల. చివరి అమ్మాయి బండి ఎక్కినాకే తాళం పడాల.

నాలుగు, డబ్బు. ఏడాదికి 12 రాత్రులు. 365లో 12 అంటే నూటికి మూడున్నర కూడా లేదు. ముహూర్తాలు ఉన్న శనివారాలు వదిలేస్తామని పిల్లలే రాసిచ్చినారు. ఆషాఢంలో, శూన్యమాసంలో హాలు ఎట్లాగూ ఖాళీ, వాచ్‌మన్ జీతం మాత్రం పోతుంది. కరెంటు మీటరు చూసి ఆ రాత్రి బిల్లు, ఊడ్చే మనిషి కూలి వాళ్ళు కడతారు. బల్లకు తలా కొంత తీసుకుంటే అది రావడం కష్టం కాదు. కాంట్రాక్టరుకు ఇచ్చేస్తే ఏడాదికి ఒకసారి చెక్కు వస్తుంది, నిజమే. కానీ మన సభ్యుడి ఇంట శుభకార్యానికి మనమే ఆయన్ని బతిమాలుకోవాల. మన పెద్దలు ఇటుక ఇటుకకు చందా ఎత్తి కట్టింది దానికోసమా?

ఐదు, ‘మనది తెలుగు సంఘం, వీళ్ళు కన్నడ పాటలు, ఇంగ్లీషు పాటలు, ఉర్దూ షాయరీ అంటున్నారు’. ఈ మాట నన్ను నిజంగా బాధపెట్టింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు పోయినాయి, బళ్ళారి ఇటు మైసూరుకు వచ్చింది. గీత అప్పుడు పడింది. దానికి ముందూ తర్వాతా ఈ ఊరు రెండు మూడు భాషల్లోనే మాట్లాడింది. రాఘవ కన్నడంలో ఆడినాడు, హిందీలో ఆడినాడు, ఆయన పేరు మీద రాఘవ కళామందిరం ఉంది. జోళదరాశి దొడ్డనగౌడ గారు కన్నడ గమక కళాకారుడు, ఆయన పేరు మీద రంగమందిరం ఉంది. ఇద్దరినీ ఊరు తనవాళ్ళే అనుకొంటుంది. తెలుగు ఇంట పుట్టి తమిళం చదివి కన్నడ ఊళ్ళో హిందీ ఫైళ్ళు నడిపినవాణ్ణి నేను. మన హాల్లో కన్నడ పాట వినిపిస్తే తెలుగు తరగదు. తెలుగు పాటే వినిపించకపోతే తరుగుతుంది. ఆ పిల్లలు అర్జీలో మొదటి రాత్రికి రాసుకున్న ఆరు పాటల్లో నాలుగు తెలుగువి, అవీ వాళ్ళు సొంతంగా రాసుకున్నవి. మన పిల్లలు తెలుగులో పాట రాస్తున్నారని మనలో ఎవరికైనా తెలుసా?

ఇంకొకరు అడిగినారు, ఊళ్ళో రెండు మందిరాలు ఉండగా మన హాలెందుకు అని. అవి పెద్దవి. వందల మంది జనం వస్తేనే నిండుతాయి. కొత్తగా పాడేవాడికి 80 కుర్చీల చోటు కావాల. ముందు వరుసలో వాళ్ళ అమ్మ, వెనక వరుసలో మనలాంటి విమర్శకులు కూచుంటే చాలు. అక్కడ రెండేళ్ళు పాడి గట్టిపడితే ఆ పెద్ద మందిరానికి పోతాడు. చిన్న మెట్టు లేకుండా పెద్ద మెట్టు ఎక్కమంటే ఎట్లా?

చిన్న ఊళ్ళో ఇది నిలవదు అనేవాళ్ళకు ఒక ఉదాహరణ. మన రాష్ట్రంలోనే సాగర దగ్గర హెగ్గోడు అనే పల్లె. అక్కడ 1949లో నీనాసం మొదలైంది. వక్కతోటల మధ్య పల్లెవాళ్ళ నాటక సంఘం. దాన్ని నడిపిన కె.వి. సుబ్బణ్ణ గారికి 1991లో మెగసెసే అవార్డు వచ్చింది. ఈ రోజు దేశం నలుమూలల నుంచి అక్కడికి నాటకం నేర్చుకోను వస్తారు. బెంగళూరులో 2004లో మొదలైన రంగశంకర చూడండి. శంకర్ నాగ్ కల అది, అరుంధతి నాగ్ కట్టి చూపించినారు. అక్కడ ఆట టైముకు మొదలవుతుంది, ఆలస్యంగా వచ్చినవాణ్ణి లోపలికి పంపరు. రైల్వేవాణ్ణి కదా, ఆ ఒక్క నియమం చాలు నాకు వాళ్ళ మీద గౌరవం కలగడానికి. మన రాత్రికి కూడా ఆ నియమం పెట్టాల. 7.30 అంటే 7.30. ముఖ్య అతిథి రాలేదని ఆపేది లేదు. అసలు ముఖ్య అతిథే వద్దు, శాలువాలు వద్దు, గంటసేపు స్వాగతోపన్యాసాలు వద్దు.

కాబట్టి సమావేశంలో నేను పెట్టబోయే తీర్మానం ఇది. మొదట ఆరు నెలలు చూద్దాం, ఆషాఢంతో మొదలుపెడదాం. నెలకు ఒక శనివారం, 7.30 నుంచి 10.30. సగం సమయం కొత్తవాళ్ళకు, సగం సమయం మన ప్రాంతపు పాత విద్య తెలిసినవాళ్ళకు. బుర్రకథ దళం, తోలుబొమ్మలవాళ్ళు, హార్మోనియం వాయించే ముసలాయన ఎవరైనా సరే, వాళ్ళకు దారి ఖర్చు, భోజనం, చేతికి డబ్బు ఇచ్చి పంపాల, ఉత్త దండం పెట్టి పంపకూడదు. వరండాలో 12 బల్లలు, చేసినవాళ్ళకే, కొని అమ్మేవాళ్ళకు కాదు. అందులో రెండు పాత పుస్తకాలకు. ప్రవేశం ఉచితం, గేటు దగ్గర డబ్బా. ప్రతి నెలా వచ్చిన డబ్బు, పోయిన డబ్బు నోటీసు బోర్డు మీద. లెక్కలు రాసే పని నాది, ఆడిటు మీలో ఎవరైనా చెయ్యండి. ఆరు నెలల తర్వాత పక్కిళ్ళవాళ్ళ మాట, మహిళా విభాగం మాట, లెక్కలు మూడూ చూసి, బాగాలేదంటే ఆపేద్దాం. అంతవరకు కాంట్రాక్టరు అర్జీని పక్కన పెడదాం.

ఈ అర్జీ ఇచ్చిన పిల్లల్లో ముగ్గురు ఇప్పటికే బెంగళూరులో ఉద్యోగాలు చూసుకొంటున్నారు. పోవద్దని నేను అనను, పొట్టకూటికి అందరం ఎక్కడెక్కడికో పోయినవాళ్ళమే. కానీ పోయినవాడు పండక్కు వస్తే ఇంట్లో తిని పడుకొని మళ్ళీ రైలెక్కడం తప్ప, ఈ ఊళ్ళో కలుసుకొనే చోటు ఒకటి ఉందని వాడికి గుర్తుండాల కదా. 1887లో ఇక్కడ కొందరు వకీళ్ళు, గుమాస్తాలు రాత్రి ఖాళీ దొరికితే ఏం చేసినారో, దానికి ఇప్పటికీ మనం పేరు చెప్పుకొని తిరుగుతున్నాం. మన పిల్లలు అడిగింది నెలకు మూడు గంటలు.

సమావేశానికి వచ్చేవాళ్ళు మీ అభిప్రాయం ముందే కింద రాయండి. వ్యతిరేకమైనా సరే, కారణం రాయండి. హార్మోనియం, డోలక్, తంబూర ఇంట్లో మూలన పడి ఉన్నవాళ్ళు చెప్పండి. పాత తెలుగు పుస్తకాలు ఉన్నవాళ్ళు పాత పేపరువాడికి వెయ్యకండి, నాకు ఫోను చెయ్యండి, నేనే వచ్చి తీసుకుపోతా.